పగిలిన ఇంజిన్ల నుంచి హైటెక్ సిటీ దాకా

పోయిన సెలవుల్లో హైదరాబాద్ నుంచి భద్రాచలం బస్సులో వస్తుంటే పక్క సీట్లో మా ఊరి సీనియర్ ఒకన్న కలిశాడు. ఒక కార్ల కంపెనీ ఇంజనీరింగ్ ఆఫీసులో పని. కొత్తగూడెం దాటాక బస్సు గుంతలో పడ్డ ప్రతిసారీ ఆయన మాట ఆపేసి చెవి రిక్కించి వింటున్నాడు.

"ఏంటన్నా వింటున్నావ్?"

"సౌండ్ రా. ఎక్కడ లూజైందో కనిపెడదామని. అలవాటైపోయింది."

"మరి మీ ఆఫీసులో నువ్వేం డిజైన్ చేస్తావ్?"

"డోరు. రెండేళ్ల నుంచి డోరే."

నాకు నవ్వొచ్చింది. రెండేళ్లు ఒక తలుపా? పాల్వంచ వచ్చేలోపు ఆయన చెప్పింది విన్నాక నవ్వు పోయింది. డోరు అంటే బరువు, శబ్దం, వాన నీళ్లు, పక్కనుంచి గుద్దితే లోపలున్న మనిషి, అన్నిటికంటే ముందు ధర. ఇంటికొచ్చాక ఈ కార్ల పరిశోధన కేంద్రాలు అసలు ఎలా పుట్టాయి, మన హైదరాబాద్ దాకా ఎలా వచ్చాయి అని చదవడం మొదలుపెట్టాను. మనకు దగ్గర్లో ఉన్న పెద్ద ఉదాహరణ హ్యుందాయ్. ఆ కథే ఇది.

అరువు ఇంజిన్‌తో మొదలు

హ్యుందాయ్ మోటార్ 1967లో పుట్టింది. అప్పటికి దానికి సొంత కారు లేదు. ఫోర్డ్ వాళ్ల కోర్టినా విడిభాగాలు తెచ్చి కొరియాలో బిగించి అమ్మేది. 1970ల మధ్యలో 'పోనీ' అనే కారు తెచ్చి, ఇది మా సొంతం అంది. నిజమే, కానీ సగమే నిజం. బాడీ గీసింది ఇటలీ డిజైనర్ జుజారో. ఇంజిన్ టెక్నాలజీ జపాన్ మిత్సుబిషిది. ప్రాజెక్టును నడిపించింది బ్రిటిష్ లేలాండ్ నుంచి వచ్చిన జార్జ్ టర్న్‌బుల్.

ఇందులో తప్పేమీ లేదు, నేర్చుకునేటప్పుడు అందరూ చేసేదే. చిక్కు ఎక్కడంటే, ఇంజిన్ ఇచ్చేవాడు కొత్త మోడల్ తన దగ్గరే ఉంచుకుని పాతది మనకిస్తాడు. రాయల్టీ కడుతూనే ఉండాలి. ల్యాబ్ రికార్డు సీనియర్ది చూసి రాసేవాడికి మార్కులు రావచ్చు గానీ, వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతాడు. హ్యుందాయ్‌కి ఆ రెండో ప్రశ్న 1980ల్లో ఎదురైంది.

324 ఇంజిన్లు

1984లో సియోల్‌కి దక్షిణాన యోంగిన్ దగ్గర మాబుక్‌లో సొంత ఇంజిన్ కోసం పరిశోధన కేంద్రం పెట్టారు. అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న లీ హ్యున్-సూన్‌ను పిలిపించి పని అప్పజెప్పారు. ఇంగ్లండ్‌కి చెందిన రికార్డో అనే ఇంజిన్ కన్సల్టెన్సీ సాయం తీసుకున్నారు. టీమ్‌లో చాలామందికి అంతకుముందు ఇంజిన్ డిజైన్ చేసిన అనుభవం లేదు.

మొదటి నమూనా తయారవడానికి పద్నాలుగు నెలలు పట్టింది. మొదటి పరీక్షలోనే దాని బ్లాక్ ముక్కలైంది. ఇంకోటి చేశారు, అదీ పోయింది. దాదాపు వారానికొక కొత్త ఇంజిన్ రావడం, టెస్ట్ బెంచ్ మీద పగలడం, ఇదే వరస. కొరియా పరిశోధకుడు లిన్సు కిమ్ ఈ దశ మీద అధ్యయనం చేసి లెక్కలు రాశాడు. డిజైన్‌లో 288 మార్పులు చేశారు. పరీక్షల కోసం 324 ఇంజిన్లు తయారుచేశారు. ఇవి కాక 200కి పైగా గేర్‌బాక్సులు, 150 టెస్టు కార్లు.

1991లో 'ఆల్ఫా' ఇంజిన్ బయటికొచ్చింది. కొరియాలో సొంతంగా డిజైన్ చేసిన మొదటి కారు ఇంజిన్ అదే.

మనకు ఒక్క మినీ ప్రాజెక్టులో మోటార్ కాలిపోతే, గైడ్ దగ్గరికి వెళ్లి టాపిక్ మార్చమంటాం. వీళ్లు పగిలిన ప్రతి ఇంజిన్‌నీ విప్పి, ఎక్కడ పగిలింది, ఎందుకు పగిలింది అని చూశారు. పరిశోధన కేంద్రం అంటే బిల్డింగ్ కాదు, 'ఎందుకు పగిలింది' అన్న ప్రశ్నకు జీతమిచ్చి కూర్చోబెట్టే చోటు.

1995లో నామ్‌యాంగ్‌లో పెద్ద కేంద్రం వచ్చింది. డిజైన్, గాలి సొరంగం, క్రాష్ ల్యాబ్, రకరకాల రోడ్లతో టెస్ట్ ట్రాక్, అన్నీ ఒక్కచోటే. 1998లో కియాను కొన్నాక, 2003లో రెండు కంపెనీల పరిశోధననూ అక్కడే కలిపేశారు.

శాంత్రో, తర్వాత హైదరాబాద్

మన దేశానికి హ్యుందాయ్ 1996లో వచ్చింది. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూర్‌లో ఫ్యాక్టరీ పెట్టి, 1998లో శాంత్రో దింపింది. ఫ్యాక్టరీ ఇక్కడున్నా ఇంజనీరింగ్ అంతా కొరియాలోనే. మన రోడ్ల మీద ఏదైనా సమస్య వస్తే అక్కడివాళ్లకు వర్ణించి చెప్పాలి. మా ఏజెన్సీ రోడ్డు గురించి సియోల్‌లో ఉన్నవాడికి ఫోన్లో ఎలా చెప్తాం చెప్పండి?

2006లో హైదరాబాద్‌లో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇంజనీరింగ్ మొదలైంది. హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషన్ ఎదురుగా కనిపించే క్యాంపస్ అదే. ఫ్యాక్టరీ తమిళనాడులో ఉంటే ఇంజనీరింగ్ ఇక్కడెందుకు? ఇలాంటి కేంద్రానికి మొదట కావాల్సింది యంత్రాలు కాదు, కంప్యూటర్ మీద డిజైన్, విశ్లేషణ చేయగల ఇంజనీర్లు. అప్పటికే హైదరాబాద్ చుట్టూ వాళ్లు దండిగా ఉన్నారు.

కంప్యూటర్‌లో కారును ఎలా గుద్దుతారు?

మెకానికల్ వాళ్లకు తెలిసిందే, మిగతా బ్రాంచీల కోసం చెప్తా.

ముందు పార్టును త్రీడీలో గీస్తారు. తర్వాత దాని మీద 'మెష్' వేస్తారు. మెష్ అంటే వల. గోదావరిలో జాలరి వల గుర్తు తెచ్చుకోండి. వలలో ఒక ముడిని లాగితే పక్క ముడులన్నీ కొంచెం కొంచెం కదులుతాయి. కారు బాడీని కూడా అలాగే లక్షల చిన్న గళ్లుగా విడగొట్టి, ప్రతి ముడికీ సమీకరణాలు రాసి, ఒక వైపు నుంచి బలం ఇస్తారు. ఏ గడి ఎంత వంగింది, ఏది చిరిగింది అనేది కంప్యూటర్ లెక్కగట్టి చెప్తుంది. గళ్లు పెద్దగా ఉంటే లెక్క త్వరగా తేలుతుంది గానీ తప్పు రావచ్చు. మరీ చిన్నగా ఉంటే సర్వర్ రాత్రంతా నడుస్తుంది. ఎక్కడ చిన్న గళ్లు వేయాలో తెలియడమే ఆ ఉద్యోగంలో నైపుణ్యం.

అప్పట్లో 324 ఇంజిన్లు పగలగొట్టి నేర్చుకున్నదాంట్లో చాలా భాగం ఇప్పుడు స్క్రీన్ మీదే పగిలిపోతుంది. శబ్దం, కంపనం, మన్నిక కూడా ఇలాగే ముందు లెక్కేస్తారు. బస్సులో మా అన్న చెవి రిక్కించింది దీనికే.

చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి

ఇక్కడితో ఆపేస్తే ఇది ప్లేస్‌మెంట్ బ్రోచర్ అవుతుంది.

2011లో 'ఇయాన్' అనే చిన్న కారు వచ్చింది. నామ్‌యాంగ్‌తో పాటు హైదరాబాద్ ఇంజనీర్ల పాత్ర కూడా ఉన్న కారుగా దాన్ని చెప్పుకున్నారు. తక్కువ ధర, మంచి మైలేజీ. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ దాన్ని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో 40 శాతం తగిలేలా గుద్దించి చూసింది. పెద్దల భద్రతలో వచ్చింది సున్నా స్టార్లు. అదే విడతలో వేరే కంపెనీల కార్లకూ సున్నాలే వచ్చాయి. 2014 విడతలో ఐ10తో సహా ఐదు కార్లకు ఐదు సున్నాలు.

ఇంజనీర్లకు చేతకాకనా? కాదు. అదే కంపెనీలు బయటి దేశాలకు గట్టి కార్లు పంపుతూనే ఉన్నాయి. అప్పటికి మన దగ్గర అలాంటి క్రాష్ పరీక్ష పాస్ కావాలన్న నియమం లేదు. ఎయిర్‌బ్యాగ్ ఉండాలన్న నియమమూ లేదు. ధర తగ్గాలంటే ఏది తీసేయాలి అన్న ప్రశ్నకు, చట్టం అడగనిది తీసేయడం అందరికీ తేలికైన జవాబు అయింది.

తర్వాత నియమాలు మారాయి. 2017 అక్టోబర్ నుంచి కొత్త మోడళ్లకు క్రాష్ పరీక్ష తప్పనిసరి. 2019లో డ్రైవర్‌కి ఎయిర్‌బ్యాగ్, 2022 కల్లా పక్క సీటుకి కూడా. 2023 అక్టోబర్‌లో మన సొంత భారత్ ఎన్‌క్యాప్ మొదలైంది. అదే నెలలో గ్లోబల్ ఎన్‌క్యాప్ హ్యుందాయ్ వెర్నాకి ఐదు స్టార్లు ఇచ్చింది. బాడీ షెల్ మాత్రం ఇంకా స్థిరంగా లేదని అదే రిపోర్టులో రాసింది. అంటే పని అయిపోలేదు.

ఆరు నెలల తర్వాత మనలో ఎవరో ఒకరు అలాంటి ఆఫీసులో కూర్చుని ఒక రేకు మందం 0.1 మిల్లీమీటర్ తగ్గించమన్న మెయిల్ చదువుతారు. ఆ గళ్ల వల వెనక ఒక మనిషి కూర్చుని ఉంటాడని అప్పుడు గుర్తుండాలి.

మన రోడ్డు, మన పరీక్ష

స్క్రీన్ మీద ఎంత లెక్కేసినా చివరికి నేల మీద నడిపి చూడాల్సిందే. 2024 ఆగస్టులో తెలంగాణలో మెగా టెస్ట్ సెంటర్ పెడతామని హ్యుందాయ్ ప్రకటించింది. ట్రాక్ కూడా ఇక్కడికే వస్తే, గీసేవాడికీ నడిపేవాడికీ మధ్య దూరం తగ్గుతుంది.

టెస్ట్ ట్రాకుల్లో కృత్రిమంగా గుంతలు, రాళ్ల దారి, నీళ్ల మడుగు కడతారు. మాకు అవన్నీ ఫ్రీ. మణుగూరు వైపు బొగ్గు లారీల దుమ్ము, చింతూరు దాటాక మారేడుమిల్లి ఘాట్ మలుపులు, మే నెల కొత్తగూడెం ఎండ. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ నీళ్లలో మునిగి తేలిన బండిని మళ్లీ స్టార్ట్ చేయించిన మా ఊరి మెకానిక్‌కి, ఏ వైరింగ్ ఎక్కడ పెట్టకూడదో ఏ మాన్యువల్ కంటే బాగా తెలుసు. ఆయన దగ్గర నోట్‌బుక్ లేదు, అంతే తేడా.

నేర్చుకోవడానికి టెక్నాలజీ తెచ్చుకున్న చోటు మనకూ ఉంది. పాల్వంచలోని స్పాంజ్ ఐరన్ ప్లాంటు ఐక్యరాజ్యసమితి సాయంతో, మన సింగరేణి బొగ్గుతో ఉక్కు ముడిసరుకు చేయొచ్చని చూపించడానికే పుట్టింది. 1980లో నడవడం మొదలుపెట్టి, 2010లో ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. రోజూ దాని పక్క నుంచే బస్సులో వెళ్తున్నా, అది ఒక పరీక్ష కోసం కట్టిందని మనలో ఎంతమందికి తెలుసు?

బస్సు దిగేటప్పుడు అన్నని అడిగాను, "ఇంతకీ ఆ సౌండ్ ఎక్కడిదన్నా?"

"వెనక డోర్ హింజ్," అన్నాడు. "డ్రైవర్‌కి చెప్పిపోదాం పద."