వార్తల్లో పదం: బోన్ సిమెంట్

దెందులూరు చేలల్లో వంగి నాట్లేసి అరిగిన మోకాలికి కీలు మారిస్తే, కొత్త లోహపు కీలును ఎముకకు పట్టి ఉంచేది సాధారణంగా బోన్ సిమెంటే. పొడిలో ద్రవం పోసి పిసికితే ముద్దయి, కాసేపట్లో గట్టిపడే అక్రిలిక్ ప్లాస్టిక్ ఇది. ఎక్స్‌రేలో కనబడదు కనుక బేరియం సల్ఫేట్ కలుపుతారు. మన మంగంపేట ముగ్గురాయిలో ఉన్నదీ అదే.

గట్టిపడ్డాక ఈ సిమెంటు రాయిలా ఉండిపోతుందనుకోవడం పొరపాటు. బరువులో సుమారు 2 శాతం దాకా నీరు పీలుస్తుంది. బేరియం రేణువులు ప్లాస్టిక్‌కు అతుక్కోవు. వాటి చుట్టూ మిగిలిన సందులు నీటికి దారవుతాయి. సిమెంటులో కలిపిన జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ ఆ నీటితోనే మొదటి రోజుల్లో ఎక్కువగా, తర్వాత మెల్లగా బయటికొస్తుంది. బేరియం విషం కదా అంటే, విషమయ్యేవి కరిగే లవణాలు. సల్ఫేట్ దాదాపు కరగదు. నీరు సిమెంటును కొంత మెత్తబరుస్తుందన్నది మాత్రం నిజం. అందుకే బేరియం సల్ఫేట్, యాంటీబయాటిక్ కలిపే మోతాదే కీలకం.