యంత్రం చెప్పేది సలహా, సంతకం మాత్రం మేనేజరుదే
(జీవ ఇంధనాల పరిశోధనలో కృత్రిమ మేధ: కొన్ని విశేషాలు)

గూడూరు – చెన్నై రైలు దారిలో తడ దగ్గర దిగి శ్రీసిటీ వైపు వెళ్తే, కంప్యూటర్ చదువూ కంపెనీ నడిపే చదువూ ఇరుగుపొరుగున కనిపిస్తాయి. ఒకటి 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ. రెండోది 1970లో చెన్నైలో పుట్టి, ఇప్పుడు క్రియా విశ్వవిద్యాలయంలో భాగంగా ఇక్కడ నడుస్తున్న ఐఎఫ్ఎంఆర్ మేనేజ్‌మెంట్ స్కూలు. చుట్టూ ఏసీలు, మెట్రో పెట్టెలు, చాక్లెట్లు చేసే ఫ్యాక్టరీలు. అవి దాటితే వరి చేలు, సరుగుడు తోటలు, ఎవరూ నాటకుండానే పెరిగే సర్కారు తుమ్మ. కోడు, లెక్కలు, మొక్కలు మూడూ తెలిస్తే తప్ప చేయలేని ఉద్యోగం ఒకటుంది. అదే జీవ ఇంధనాల పరిశోధనకు మేనేజరుగిరీ. కృత్రిమ మేధ వచ్చాక ఆ కుర్చీలో ఏం మారిందో, ఏం మారలేదో చూద్దాం.

ఈస్ట్‌కు ఏం చేయాలో చెప్పే పనిముట్టు

కాలిఫోర్నియాలోని జాయింట్ బయోఎనర్జీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2020లో ‘ఆటోమేటెడ్ రికమెండేషన్ టూల్’ అనే ప్రోగ్రాం గురించి ప్రకటించారు. అంతకుముందు చేసిన ప్రయోగాల ఫలితాలు దానికి ఇస్తే, సూక్ష్మజీవి జన్యువుల్లో తర్వాత ఏ మార్పు చేసి చూడాలో సూచిస్తుంది. జీవ ఇంధనాల లెక్కలతో దాన్ని పరీక్షించారు. హాప్స్ పువ్వు వేయకుండానే ఆ రుచి వచ్చే బీరు లెక్కలతోనూ పరీక్షించారు! (పరిశోధకులకూ సాయంత్రాలు ఉంటాయి కదా.)

మేనేజర్ల సంగతికి వస్తే, ఇందులో అసలు విశేషం వేరు. ఈ పనిముట్టు ‘ఇంత దిగుబడి వస్తుంది’ అని ఒక్క అంకె చెప్పి ఊరుకోదు. ఆ అంకెను తాను ఎంతవరకు నమ్ముతోందో కూడా చెబుతుంది. పైగా వాడేవాళ్లకు ఒక ఎంపిక వదిలేస్తుంది. దిగుబడి బాగా వస్తుందని తోచిన చోటే ప్రయత్నించాలా, లేక ఏమీ తెలియని చోటికి వెళ్లి కొత్త సంగతి నేర్చుకోవాలా అన్నది వాళ్లే నిర్ణయించుకోవాలి. ఇది శాస్త్రజ్ఞుడి ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి డబ్బు ప్రశ్న. ఈ త్రైమాసికంలో పై అధికారులకు చూపించడానికి ఫలితం కావాలంటే మొదటి దారి, రెండేళ్ల తర్వాత పోటీదారు కంటే ముందుండాలంటే రెండో దారి. ఒకప్పుడు ల్యాబ్ మేనేజరు పని ఎక్కువగా ఎవరి ప్రయోగం ఎప్పుడు, ఏ యంత్రం ఎవరికి అని పట్టిక వేయడమే. ఆ పట్టికలను ఇప్పుడు సాఫ్ట్‌వేరు వేస్తుంది. సందేహానికి ఎంత డబ్బు కేటాయించాలో మాత్రం ఆ కుర్చీలో ఉన్నవాళ్లే తేల్చాలి. సగటు, విచలనం అంటే జంకే ఎంబీఏకి ఇక్కడ చోటు తక్కువ.

నోబెల్ వచ్చిన ఇంధన కంపెనీ వ్యవస్థాపకురాలు

ఎంజైములను ప్రయోగశాలలోనే పరిణామం చెందించే పద్ధతికి 2018లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, అంతకు చాలా ముందే, 2005లో, జీవ ఇంధనాల కంపెనీ గీవో స్థాపించినవారిలో ఒకరు. 2024లో అదే నోబెల్‌ను ప్రోటీన్ల ఆకారాన్ని కంప్యూటర్‌తో ఊహించినందుకు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్, కొత్త ప్రోటీన్లను రూపొందించినందుకు డేవిడ్ బేకర్ పంచుకున్నారు. గడ్డిలోని పీచును చక్కెరగా విడగొట్టేదీ ఎంజైమే, అంటే ప్రోటీనే. కనుక ఈ బహుమతి ఇథనాల్ వాళ్ల గుమ్మం ముందుకే వచ్చినట్టు.

అర లీటరులో తేలిపోయే భవిష్యత్తు

కొత్త రకం విమాన ఇంధనానికి అనుమతి రావాలంటే ఏళ్లు పడుతుంది, పరీక్షల కోసం వేల గ్యాలన్ల ఇంధనం తయారుచేయాలి. ఇప్పుడు అంత దూరం పోకముందే వడపోత పరీక్షలు వచ్చాయి. అర లీటరు లోపు నమూనా చాలు. దాని రసాయన కూర్పు చూసి, అది ఇంజిన్లో ఎలా మండుతుందో కంప్యూటర్ నమూనాలతో ముందే అంచనా వేస్తారు. ఇక్కడ మేనేజరుకు మిగిలేది ఒక చేదు పని. బృందం మూడేళ్లు కష్టపడి తీసిన నూనెను ‘ఇక ఆపేద్దాం’ అని త్వరగా చెప్పాల్సి రావడం. ‘ఇంకా పరీక్షల్లో ఉంది’ అని తప్పించుకునే వెసులుబాటు పోయింది.

రోబోలున్నా గిరాకీ లేకపోతే

అమెరికా కంపెనీ జైమర్జెన్ రోబోలనూ మెషీన్ లెర్నింగ్‌నూ నమ్ముకుని సూక్ష్మజీవులతో కొత్త పదార్థాలు చేస్తానంది. ఇంధనం కాదు, మడత ఫోన్లకు పనికొచ్చే పలుచటి పొర దాని మొదటి సరుకు. 2021 ఏప్రిల్‌లో షేర్లు అమ్మి దాదాపు 50 కోట్ల డాలర్లు సేకరించింది. ఆగస్టులో, ఆ ఏడాది సరుకు అమ్మకాల రాబడి ఉండదని ప్రకటించింది. సీఈఓ తప్పుకున్నారు. 2022లో కంపెనీని గింక్గో అనే మరో కంపెనీ కొనేసింది. కొనేవాళ్లకు అది నిజంగా కావాలా అన్న ప్రశ్న ఏ ఆల్గోరిథం పరిధిలోకీ రాలేదు.

మన జొన్న నేర్పిన పాఠం

తీపి జొన్న దంట్ల రసంతో వాణిజ్య స్థాయిలో ఇథనాల్ తీసే ప్రయత్నం సంగారెడ్డి దగ్గర మొహమ్మద్‌షాపూర్‌లో 2007లో జరిగింది. రుస్ని డిస్టిలరీస్ కర్మాగారం పెట్టింది, పటాన్‌చెరు ఇక్రిశాట్ వంగడాలూ సలహాలూ ఇచ్చింది. ఇక్రిశాట్‌లో జొన్న పరిశోధనకు పేరు బెలుం వి.ఎస్. రెడ్డిది. విత్తనంలో లోపం లేదు. చిక్కంతా గడియారంతో వచ్చింది. కోసిన దంటును ఆలస్యం చేయకుండా ఆడించాలి, లేకుంటే తీపి తగ్గిపోతుంది. కోతలేమో ఏడాదిలో కొన్ని వారాలే. కర్మాగారానికి మాత్రం ఏడాది పొడుగునా మేత కావాలి. అందుకే ఇక్రిశాట్ వాళ్లు మెదక్ జిల్లా ఇబ్రహీంబాద్‌లో ఊళ్లోనే దంట్లు ఆడించి, రసాన్ని కాచి పాకం చేసే చిన్న యూనిట్ పెట్టి చూశారు. పాకమైతే నిలవ ఉంటుంది.

రుస్ని నిలబడలేదు. ఈ రోజుల్లో అయితే ఉపగ్రహ చిత్రాలు చూసి ఏ పొలం ఏ వారం కోతకొస్తుందో, ఏ లారీ ఎటు వెళ్లాలో ముందే చెప్పవచ్చు. అది నిజమైన లాభం, కాదనను. కానీ పాకం కాచాలన్న ఆలోచన లెక్కల్లోంచి రాలేదు, దంటు ఎండిపోవడం కళ్లారా చూసినవాళ్లకు వచ్చింది. పరిశోధన మేనేజరుగా ఎదగాలనుకునే కుర్రవాడు ఒక సీజనంతా కల్లాల దగ్గర గడిపితే, అది ఏ సర్టిఫికెట్ కోర్సుకూ తీసిపోదని నా నమ్మకం.

కానుగ నూనెకు 645 డాలర్లు

అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు 2003లో, డీజిలుకు బదులు కానుగ నూనె వాడటం వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడు లెక్కను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. ఏ సాఫ్ట్‌వేరూ లేకుండానే.

కూరగాయల మార్కెట్లో కరెంటు

హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్లో రోజుకు పది టన్నుల దాకా కూరగాయల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం తీస్తున్నారని 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో చెప్పారు. సాంకేతికత భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)ది, ఆ బృందానికి నాయకుడు ఎ. గంగాగ్ని రావు. రిలయన్స్ అయితే ఆంధ్రప్రదేశ్‌లో 65,000 కోట్ల రూపాయలతో 500 బయోగ్యాస్ ప్లాంట్లు పెడతానని 2024లో ఒప్పందం చేసుకుంది. వాటిలో మొదటిదానికి 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర దివాకరపల్లెలో శంకుస్థాపన జరిగింది.

అయిదు వందల ప్లాంట్లంటే అయిదు వందల మేనేజర్ల కుర్చీలా? అలా అనుకోకండి. గ్యాసు తయారయ్యే తొట్ల (డైజెస్టర్ల) వేడి, ఆమ్లగుణం, గ్యాసు ఒత్తిడి ఒకే గదిలో కూర్చుని పది ఊళ్లవి చూడవచ్చు. వారం వారం నివేదికలు కూర్చి పైకి పంపే మధ్య మెట్టు ఉద్యోగమే ముందు కరుగుతుంది. ప్లాంటుకు మేతగా నేపియర్ గడ్డి పెంచే రైతుతో ధర తేల్చుకునే మనిషికీ, డైజెస్టర్ మొరాయిస్తే ఎందుకో చెప్పగలిగే సూక్ష్మజీవుల నిపుణుడికీ మాత్రం గిరాకీ పెరుగుతుంది.

ఒక్క ఉత్తర్వు

తడ నుంచి హైవే మీద నెల్లూరు వైపు వెళ్తే వెంకటాచలం మండలం ఈదగాలిలో విశ్వసముద్ర వారి ఇథనాల్ కర్మాగారం ఉంది. బియ్యం, నూకల నుంచి ఇంధనం తీసే ఇలాంటి పరిశ్రమకు 2023 జులైలో పెద్ద దెబ్బ తగిలింది. ఇథనాల్‌కు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) బియ్యం ఇవ్వడం ఒక్కసారిగా ఆగిపోయింది. 2024 ఆగస్టులో మళ్లీ అనుమతి వచ్చింది, 2025 జనవరిలో ధర క్వింటాకు 2,800 నుంచి 2,250 రూపాయలకు దిగింది. పాత లెక్కలు చూసి నేర్చుకునే ఏ నమూనాకూ ఇలాంటి ఉత్తర్వు ముందుగా కనిపించదు. బియ్యం ఆగిన ఆ రోజుల్లో డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి, కోళ్ల ఫారాల వాళ్లు దాణా ధర పెరిగిందని గగ్గోలు పెట్టారు.