గణనయంత్రములో ప్రోగ్రాముల బదిలీ, మీటల మార్పు

ఎత్తునుండి జారవిడిచిన రాయి పడు దూరమును కనుగొనుట సులభము. గాలి నిరోధమును లెక్కలోనికి తీసికొననిచో, పట్టిన సెకన్ల సంఖ్యను వర్గము చేసి 4.9 చే గుణించిన చాలును. దూరము మీటర్లలో వచ్చును. 2 సెకన్లకు 19.6 మీటర్లు. ఈ సూత్రమును ప్రోగ్రాముగా వ్రాసి గణనయంత్రములో ఒకసారి దాచినచో, ప్రతిసారి మరల చెప్పవలసిన పని లేదు.

అయితే ఒక ఉపాధ్యాయుడు ఈ ప్రోగ్రామును విద్యార్థుల యంత్రములన్నింటికి అందింపవలెను. ఎవరికి వారు మీటలు నొక్కి ఎక్కించుకొన్నచో, ఎవరో ఒకరు 4.9 కు బదులు 9.4 అని వ్రాయవచ్చును. యంత్రము దానిని తప్పు అనదు. 2 సెకన్లకు 37.6 మీటర్లని నిశ్చింతగా చూపును. కనుక ప్రోగ్రాము చేరుట ఒక్కటే చాలదు; పంపినది పంపినట్లే చేరవలెను.

హ్యూలెట్-ప్యాకర్డ్ సంస్థ 1974లో విడుదల చేసిన హెచ్.పి. 65 యంత్రమున ప్రోగ్రాములను చిన్న అయస్కాంతపు కార్డులపై దాచెడివారు. 1979 నాటి హెచ్.పి. 41సి లో మీటలకు కోరిన పనులను అప్పగించు వసతి వచ్చినది. 1990లో వచ్చిన హెచ్.పి. 48ఎస్ఎక్స్ గ్రాఫులు గీయుటయేగాక, ప్రోగ్రాములను తీగ ద్వారా కంప్యూటరుకును, పరారుణ కిరణముల ద్వారా మరొక యంత్రమునకును పంపగలిగెను. నేడు దాని తయారీ లేదు. కాని ఈ పద్ధతిని తెలిసికొనుటకు అది మంచి ఉదాహరణము.

బదిలీ జరుగు విధము

తీగపై సెకనుకు 9,600 వరకు బిట్లు పోవును. ఒక్కొక్క అక్షరమునకు ముందు వెనుకల గుర్తులతో కలిపి 10 బిట్లు పట్టును గనుక, సెకనుకు గరిష్ఠముగా 960 అక్షరములు. పరారుణ కిరణములతో వేగము 2,400 బిట్లు మాత్రమే. యంత్రములను ఎదురెదురుగా, దగ్గరగా ఉంచవలెను. ఒక యంత్రమున స్వీకరించు ఆదేశమును, రెండవదానియందు పంపు ఆదేశమును ఇచ్చినచో బదిలీ మొదలగును.

పంపు పద్ధతికి కెర్మిట్ అని పేరు. ఇది 1981లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున రూపొందినది. ఇందు ప్రోగ్రామును చిన్న పొట్లములుగా విడదీయుదురు. ప్రతి పొట్లముపై దాని వరుససంఖ్య, చివర ఒక తనిఖీసంఖ్య ఉండును. స్వీకరించు యంత్రము తనిఖీసంఖ్యను తానే మరల లెక్కించును. రెండును సరిపోయినచో "అందినది" అని జవాబిచ్చును. లేనిచో ఆ పొట్లమునే మరల కోరును. వరుససంఖ్య వలన పొట్లము తప్పిపోయినను, రెండుసార్లు వచ్చినను తెలియును.

తనిఖీసంఖ్యకు కేవలము కూడిక చాలునా? అక్షరరూపమున 4 కు సంకేతము 52, చుక్కకు 46, 9 కి 57. మొత్తము 155. 9.4 కును మొత్తము 155 యే! కూడిక ఈ తప్పును పట్టలేదు. ఇపుడు భాగహారము చూడండి. 49 ని 7 చే భాగించిన శేషము 0. 94 ను భాగించిన శేషము 3. అంకెలు అవే అయినను శేషములు వేరు. హెచ్.పి. 48 మామూలుగా వాడు తనిఖీ ఈ జాతిదే: పొట్లమునంతటిని ఒక పెద్ద సంఖ్య వలె భావించి, ప్రత్యేకమైన భాగహారముచే 16 బిట్ల శేషమును తీయును. అట్టి శేషములు 65,536 ఉండగలవు గనుక, తప్పు దాగుట అరుదు.

మీటకు కొత్త పని

మీటకు స్వతహాగా అర్థము లేదు; దానికి ఒక స్థానసంఖ్య మాత్రమే కలదు. ఈ యంత్రమున 49 మీటలు 9 వరుసలలో ఉన్నవి. సైను మీట నాలుగవ వరుసలో మొదటిది. మరే మీటతోను కలపక నొక్కినపుడు దాని సంఖ్య 41.1. ప్రోగ్రాము పేరును, ఈ సంఖ్యను ఇచ్చి అప్పగింపు ఆదేశమును నొక్కి, పిమ్మట 'యూజర్' స్థితిలో ఉంచినచో సైను మీట పడు దూరమును లెక్కించును. ఆ స్థితిని తీసివేసినచో మరల సైనే.

ఇచటనే జాగ్రత్త వలయును. యూజర్ స్థితి ఉన్నదని మరచి 30 డిగ్రీల సైను కొరకు ఆ మీట నొక్కినచో, 0.5 కు బదులు 4,410 వచ్చును! తరచుగా వాడు మీటను విడిచి, అంతగా వాడని మీటను ఎన్నుకొనుట మేలు.

ప్రోగ్రామును పంపినంతమాత్రమున మీట అప్పగింపు వెంట పోదు. అప్పగింపుల పట్టికను వేరుగా తీసి, ఒక పేరుతో దాచి పంపి, అవతల యంత్రమున దానిని మరల అమర్చవలెను. మీటకు పేరునే అప్పగించినచో, ఆ పేరుగల ప్రోగ్రాము అవతల లేనపుడు తెరపై పేరు మాత్రమే నిలుచును.

అదే పేరుతో పాత ప్రోగ్రాము అవతల ఉన్నచో మరొక చిక్కు కలదు. మామూలు అమరికలో యంత్రము పాతదానిని చెరపదు. కొత్తదాని పేరు చివర చుక్క, 1 చేర్చి దాచును. మీట మాత్రము పాతదానినే నడపును. అపుడు బదిలీలో ఏ తప్పును లేకున్నను జవాబు తప్పే.

కనుక రెండు పరీక్షలు చేయవలెను. ప్రోగ్రాము పేరునిచ్చి 'బైట్స్' ఆదేశమును నొక్కినచో దాని తనిఖీసంఖ్య, పరిమాణము వచ్చును. ఇవి రెండు యంత్రములలోను సమానముగా ఉండవలెను. తరువాత 2 వేసి మీట నొక్కవలెను. 19.6 వచ్చినచో మీట సరియైన ప్రోగ్రామునే పిలిచినదనవచ్చును.