హుడీ కొంటున్నారా... లోపల చూడండి!

చలికాలం రాగానే పిల్లలు హుడీ కావాలని మారాం చేస్తారు. మనమేమో రంగూ, బొమ్మా చూసి కొనేస్తాం. తీరా వేసుకున్నాక హైదరాబాద్ మధ్యాహ్నం ఉక్కపోత, లంబసింగి తెల్లవారుజామున వణుకు! అందుకే ముందు లోపలివైపు తిప్పి చూడండి.

సన్నటి దారపు ముడతలు వరసగా కనిపిస్తే అది ఫ్రెంచ్ టెర్రీ. నూలుదైతే చెమట పీలుస్తుంది. మన ఊళ్లలో రోజూ వేసుకోవడానికి ఇదే హాయి. దూదిలాంటి నూగు ఉంటే ఫ్లీస్. ఆ నూగులో గాలి నిలిచి ఒంటి వేడిని కాపాడుతుంది. చలి ప్రాంతాలకు ఇదే మేలు.

లేబుల్ మీద జీఎస్‌ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో చెప్పే లెక్క. మామూలు చలికి 240-280 సరిపోతుంది. 300 దాటితే మందం. అచ్చమైన నూలుది ఉతికితే కాస్త కుదించుకుపోవచ్చు... కొంచెం వదులుగా తీసుకోండి. పాలిస్టర్ పాలు ఎక్కువైతే చెమట పీల్చదు.

అన్నట్టు, నూగు బట్టకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. ఫ్లీస్ వేసుకున్న పిల్లల్ని భోగిమంటకు దూరంగా నిలబెట్టండి.