ఊపిరి గొట్టం శుభ్రంగా ఉంటేనే పసికందుకు రక్ష

జిల్లా ఆసుపత్రుల్లో నవజాత శిశు చికిత్సా కేంద్రం తలుపు దగ్గర తరచూ ఒక తగవు నడుస్తుంటుంది. “మా మనవణ్ణి మేం ముట్టుకోకూడదా?” అని నాయనమ్మ నిలదీస్తుంది. “చేతులు కడుక్కోకుండా కుదరదమ్మా” అంటుంది నర్సు. నర్సు మాటలో బిడ్డ మేలే ఉంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు పక్వానికి రావు. అందుకని ముక్కు ద్వారా గాలి అందించే సీపాప్ యంత్రం పెడతారు. మరీ కష్టమైతే గొంతులోకి గొట్టం వేసి వెంటిలేటర్ అమర్చుతారు. తల్లి నుంచి బిడ్డకు సంక్రమించే రోగనిరోధక శక్తి ఎక్కువగా చివరి 3 నెలల్లోనే అందుతుంది. ముందే పుట్టిన బిడ్డకు అది కొరవడుతుంది. పైగా గొంతులో గొట్టం ఉంటే ముక్కు వడకట్టాల్సిన గాలి నేరుగా లోపలికి పోతుంది.

పొడిగాలి పడదు కనుక నీటి సీసా గుండా గాలిని వెచ్చగా, తేమగా పంపుతారు. చిక్కంతా అక్కడే ఉంది. కుండలో నీళ్లు రోజూ మార్చే ఇల్లాలికి నిలవనీటి సంగతి చెప్పనక్కరలేదు. ఆ వెచ్చటి తేమలోనే క్రిములు పెరుగుతాయి.

ఢిల్లీలోని 3 ఆసుపత్రుల్లో 2011–14 మధ్య జరిపిన అధ్యయనం 2016లో వెలువడింది. జబ్బుపడిన శిశువుల్లో దొరికిన క్రిముల్లో ఎసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతమని తేలింది. వీటిలో చాలావరకు పలు మందులకు లొంగని మొండిరకాలే.

మందుకు లొంగని క్రిమిని రానివ్వకపోవడమే ఉపాయం. సీసాలో క్రిమిరహితమైన నీటినే పోయాలి. ఆక్సిజన్ సీసా నీటిని రోజూ మార్చాలి. గొట్టాల్లో చేరిన నీరు బిడ్డ వైపు జారకుండా తీసేయాలి. కఫం తీసే సన్నగొట్టాన్ని ఒకసారి వాడి పారేయాలి. ఊపిరి అందించే మాస్కును సబ్బునీటితో కడిగి, క్రిములను చంపే మందులో నానబెట్టి, శుభ్రమైన నీటితో కడిగి ఆరబెట్టాకే మరో బిడ్డకు వాడాలి. ఒక బిడ్డను ముట్టిన చేతిని కడగకుండా ఇంకో బిడ్డను తాకరాదు.

ఇవి సిబ్బంది చేయాల్సిన పనులు. ఇంటివారు చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. లోపలికి వెళ్లే తల్లి ఉంగరాలు, గాజులు తీసి, మోచేతుల దాకా సబ్బుతో 2 నిమిషాలు కడుక్కోవాలి. జలుబు, దగ్గు ఉన్నవారు బయటే ఉండాలి. యంత్రాన్ని, గొట్టాలను తాకరాదు. తాయెత్తు, కాటుక, తేనె లోపలికి తీసుకుపోరాదు. తల్లిపాలు మాత్రం చుక్కయినా వృథా చేయవద్దు. క్రిములతో పోరాడే శక్తి వాటిలోనే ఉంది.

మనవణ్ణి ఎత్తుకోవడానికి నాయనమ్మకు ముందు బోలెడు రోజులున్నాయి. ఆ రోజులు రావాలంటే ఇప్పుడు నర్సు మాట వినక తప్పదు.