చదివిన గ్రంథానికి సాక్ష్యం

లక్నోలోని నద్వతుల్ ఉలమా నుండి వెలువడిన 'అన్నద్వా' అనే ఉర్దూ పత్రిక 1940 దశకపు తొలి సంవత్సరాల్లో ఆనాటి ప్రముఖ విద్వాంసుల ముందు ఒక ప్రశ్న ఉంచింది: మీకు మేలు చేసిన గ్రంథాలేవి? ఆ శీర్షికలో వాడిన మాట 'మొహ్సిన్ కితాబేఁ'. మొహ్సిన్ అంటే ఉపకారం చేసినవాడు. గొప్ప గ్రంథాలేవని గాని, ఇష్టమైన గ్రంథాలేవని గాని అడిగి ఉంటే జవాబులు వేరుగా ఉండేవి. గొప్ప గ్రంథాల జాబితాను పుస్తకం తెరవకుండానే ఎవరైనా చెప్పవచ్చు. ఉపకారం సంగతి అలా కాదు. దాన్ని పొందినవాడే చెప్పాలి, ఎప్పుడు, ఎలా పొందాడో కూడా చెప్పాలి.

ఆ ప్రశ్నకు జవాబు రాసినవారిలో మౌలానా సయ్యద్ సులైమాన్ నద్వీ, మౌలానా ఉబైదుల్లాహ్ సింధీ, మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ వంటివారున్నారు. హైదరాబాదు సంస్థానంలో సద్రుస్సుదూర్ పదవి నిర్వహించిన నవాబ్ హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ధర్మశాస్త్రం బోధించిన మౌలానా మనాజిర్ అహ్సన్ గీలానీ కూడా ఉన్నారు. ఈ వ్యాసాలను మౌలానా ముహమ్మద్ ఇమ్రాన్ ఖాన్ నద్వీ 1946లో పుస్తకరూపంలో తెచ్చారు. దీనిని చదివే వారు ఒక విషయాన్ని తప్పక గమనిస్తారు. గ్రంథం పేరు కంటే, ఆ గ్రంథం చేతికి వచ్చిన తీరే చాలాచోట్ల ఎక్కువ బోధ చేస్తుంది.

మౌలానా ఉబైదుల్లాహ్ సింధీ సంగతి చూడండి. ఆయన 1872లో సిక్కు కుటుంబంలో జన్మించారు. 1884లో, పాఠశాలలో చదువుకునే రోజుల్లో, ఒక ఆర్యసమాజపు బాలుడి ద్వారా 'తుహ్ఫతుల్ హింద్' అనే పుస్తకం ఆయన చేతికి వచ్చింది. దాని రచయిత, స్వయంగా హైందవం నుండి ఇస్లాం స్వీకరించిన మౌలానా ఉబైదుల్లాహ్. ఆ బాలుడు మళ్ళీ మళ్ళీ చదివాడు, చివరికి ఇస్లాం స్వీకరించాడు, పుస్తక రచయిత పేరునే తన పేరుగా పెట్టుకున్నాడు. ఒక గ్రంథం పట్ల కృతజ్ఞతను ఇంతకంటే స్పష్టంగా ప్రకటించినవారు అరుదు. అయితే దాన్ని అందించిన చెయ్యి ఎవరిదో కూడా ఆయన దాచలేదు.

మౌలానా దర్యాబాదీ (1892–1977) కథ మరింత నిదానంగా చూడదగినది. ఉర్దూలోనూ ఆంగ్లంలోనూ ఖుర్ఆన్ వ్యాఖ్యానం రాసిన ఈ పండితుడు యౌవనంలో దాదాపు పదేళ్ళు ధర్మానికి దూరమై బ్రతికారు. ఆయనను దూరం చేసినవీ పుస్తకాలే, తిరిగి తెచ్చినవీ పుస్తకాలే. లక్నోలో కళాశాల విద్యార్థిగా ఉండగా మిల్, స్పెన్సర్, హక్స్లీ వంటివారి రచనలను విడవకుండా చదివారు. అయితే ఆయన తన ఆత్మకథలో చెప్పిన సూక్ష్మమొకటి ఉంది. ధర్మాన్ని బాహాటంగా ఖండించే పుస్తకాలు ఆయనను అంతగా కదిలించలేదు. వైద్య మనస్తత్వశాస్త్రం మీద మాడ్స్లీ రాసిన గ్రంథంలో, వ్యాధుల వివరణ మధ్య, ప్రవక్తపై అవతరించిన వహీని మూర్ఛరోగంతో ముడిపెట్టిన ప్రస్తావన వచ్చింది. వాదించకుండా, శాస్త్రీయ సత్యంలా చెప్పిన ఆ మాటే ఆయనను పడగొట్టింది. శత్రువు ఎదురుగా వస్తే మనిషి జాగ్రత్తపడతాడు, పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడేవాడి ముందు తలుపులు తెరిచే ఉంచుతాడు.

తిరుగు ప్రయాణం కూడా నేరుగా సాగలేదు. కన్ఫ్యూషియస్, బుద్ధుడు, దివ్యజ్ఞాన సమాజపు రచనలు, భగవద్గీత – ఇవన్నీ చదివిన తర్వాత, భౌతిక ప్రపంచానికి ఆవల ఏమీ లేదన్న పట్టుదల సడలింది. ఆ పిమ్మట మౌలానా రూమీ మస్నవీ, అల్లామా షిబ్లీ నోమానీ 'సీరతున్నబీ' మొదటి సంపుటం ఆయనను ఇంటి గడప దాకా తెచ్చాయి. మధ్యలో 1917లో హైదరాబాదుకు వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం ఏర్పడిన అనువాద సంస్థ దారుత్తర్జుమాలో కొంతకాలం తత్త్వశాస్త్ర గ్రంథాలపై పనిచేశారు. ఈ క్రమంలోనే ఆయనకు మేలు చేసిన మరొక పుస్తకం, మౌల్వీ ముహమ్మద్ అలీ లాహోరీ ఆంగ్ల ఖుర్ఆన్ అనువాదం. ఆ అనువాదకుడు అహ్మదీల లాహోర్ వర్గానికి నాయకుడు. ఆ వర్గపు విశ్వాసాలను ముస్లిం సమాజం తిరస్కరించింది. దర్యాబాదీ వాటిని స్వీకరించనూ లేదు. అయినా ఆ పుస్తకం తనకు చేసిన మేలును ఆయన జీవితాంతం ఒప్పుకున్నారు. ఆ ఒక్క పేరు వదిలేసి ఉంటే ఆయన జాబితా ఎవరికీ అభ్యంతరం లేకుండా ఉండేది, కాని అది ఆయన జాబితా అయి ఉండేది కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక గ్రంథం నాకు మేలు చేసింది అని చెప్పడం వేరు, దాన్ని నీవు చదువు అని చెప్పడం వేరు. మొదటిది సాక్ష్యం, రెండవది సలహా. మునిగిపోతున్నవాడికి దొరికిన కొయ్య ముక్కను, ఒడ్డున ఉన్నవాడికి పడవ అని చూపించడం సబబు కాదు. దర్యాబాదీ తన అనుభవాన్ని వయసుతో, పరిస్థితులతో సహా చెప్పారు. అందువల్ల దాన్ని చదివినవాడు తన స్థితి అటువంటిదో కాదో తానే పోల్చుకోగలడు. వట్టి పేర్ల జాబితా ఆ సౌకర్యం ఇవ్వదు.

ఇటువంటి నిజాయితీ 1940లలో కొత్తగా పుట్టింది కాదు. హదీసు విద్వాంసులు ఒక గ్రంథం మనిషికి ఎలా చేరిందన్న విషయంలో ఎంతో పూర్వమే కట్టుదిట్టమైన పరిభాష ఏర్పరిచారు. దమాస్కస్‌లో హదీసు బోధించి హిజ్రీ 643 (క్రీ.శ. 1245)లో మరణించిన ఇబ్నుస్సలాహ్ (రహ్మలై) తన 'ముఖద్దమా'లో ఈ మార్గాలను వరుసగా వివరించారు. గురువు నోట వినడం సమాఅ. గురువు ఎదుట చదివి వినిపించడం ఖిరాఅత్. చదవకపోయినా ఉల్లేఖించేందుకు గురువు ఇచ్చే అనుమతి ఇజాజత్. గురువు తన ప్రతిని చేతికి అందించడం మునావలా. చివరగా వచ్చేది విజాదా, అంటే ఎవరి చేతివ్రాతలోనో ఉన్న గ్రంథం దొరకడం. అలా దొరికినవాడు, 'ఫలానా వారు నాకు తెలిపారు' అనరాదు. 'ఫలానా వారి చేతివ్రాతలో నాకు ఇలా కనిపించింది' అని మాత్రమే చెప్పాలి. ఈ భేదం పాటించనివాడు తనకు లేని పరిచయాన్ని ఉన్నట్లు చూపినవాడవుతాడు.

ఈ కొలతతో చూస్తే నేటి సంభాషణల్లో 'ఆ పుస్తకం చదివాను' అనే మాట ఎన్ని పనులు చేస్తోందో తెలుస్తుంది. మొదటి నుండి చివరి దాకా చదివినవాడూ అదే అంటాడు, పీఠికతో ఆపినవాడూ అదే అంటాడు, ఎవరో ప్రసంగంలో ప్రస్తావించగా విన్నవాడూ అదే అంటాడు.

దమాస్కస్ పండితులు దీన్ని కాగితం మీద పెట్టారు. సభలో ఒక గ్రంథం చదవడం పూర్తయినప్పుడు ఆ ప్రతి మీదనే సమాఅ పత్రం రాసేవారు. ఎవరి ఎదుట చదివారు, చదివినది ఎవరు, విన్నవారెవరు, ఏ చోట, ఏ తేదీన – అన్నీ అందులో ఉండేవి. కొన్ని భాగాలకు రానివారి పేరు పక్కన, ఏ భాగం తప్పిపోయిందో కూడా రాసేవారు. హిజ్రీ 550–750 సంవత్సరాల మధ్య దమాస్కస్‌లో రాసిన ఇటువంటి పత్రాలకు 1996లో ఆ నగరంలోనే పెద్ద సూచిక అచ్చయింది. అందులోని పేర్లు పండితులవి మాత్రమే కావు. స్త్రీలున్నారు, తండ్రుల వెంట వచ్చిన చిన్నపిల్లలున్నారు, చేతివృత్తులవారున్నారు, బానిసలున్నారు. గ్రంథం విలువను ఒకరు ప్రకటించగా మరొకరు నమ్మడం కాకుండా, వీరంతా కలిసి కూర్చుని విన్నారు. ఒక పుస్తకాన్ని మరొకరికి పరిచయం చేసే పద్ధతుల్లో ఇంతకంటే శ్రేష్ఠమైనది లేదు. కలిసి చదివిన చోట సిఫారసు అవసరమే ఉండదు.

స్పెయిన్‌లో ఈ పని మరో రూపం దాల్చింది. సెవీల్ నగరవాసి ఇబ్ను ఖైర్ (హిజ్రీ 502–575, క్రీ.శ. 1108–1179) తన విద్యాజీవితాన్ని 'ఫహ్రసా' అనే గ్రంథంగా రాశారు. తాను చదివినవి, విన్నవి, అనుమతి పొందినవి కలిపి వెయ్యికి పైగా పుస్తకాల పేర్లు అందులో ఉన్నాయి. ప్రతి దానికీ తాను ఎవరి వద్ద పొందారో, వారు ఎవరి వద్ద పొందారో రచయిత వరకు పరంపర చూపించారు. ఖుర్ఆన్ విద్యలతో మొదలై హదీసు, చరిత్ర, ధర్మశాస్త్రం, వ్యాకరణం మీదుగా కవిత్వం దాకా సాగుతుంది. ఒక మనిషి తన జీవితకాలంలో ఏమి చదివాడన్న ప్రశ్నకు ఇంత పూర్తి జవాబు ఏ సాహిత్యంలోనైనా తక్కువే.

అయినా, సిఫారసుకు ఎప్పుడూ పండితుడే అక్కరలేదు. ఇబ్నె సీనా (మరణం హిజ్రీ 428, క్రీ.శ. 1037) అరిస్టాటిల్ అధిభౌతిక శాస్త్రాన్ని నలభైసార్లు చదివినా, కంఠస్థమైనా, అర్థం కాలేదని తన జీవితకథలో చెప్పుకున్నారు. ఒకనాటి సాయంకాలం పుస్తకాల బజారులో ఒక దళారి ఒక పుస్తకం చూపించాడు. ఈ విద్యలో ప్రయోజనం లేదని ఆయన తిప్పికొట్టారు. సొంతదారుకు డబ్బు అవసరం, మూడు దిర్హములకే ఇస్తాను తీసుకోండని దళారి బ్రతిమాలాడు. కొని చూస్తే అది ఆ గ్రంథపు ఉద్దేశాలను వివరిస్తూ ఫారాబీ రాసిన పుస్తకం. ఇంటికి వెళ్ళి చదవగానే చిక్కులన్నీ విడిపోయాయి. మరునాడు ఇబ్నె సీనా కృతజ్ఞతగా బీదలకు దానధర్మాలు చేశారు. పెద్ద గ్రంథం అర్థం కానప్పుడు నలభైఒకటోసారి చదవమనడం కంటే, దానికి తాళంచెవి వంటి చిన్న పుస్తకాన్ని చూపించడం మేలని ఈ కథ చెబుతుంది. సలహా ఇచ్చేవారు సాధారణంగా పెద్ద పేర్లనే తలుస్తారు, చిన్న పుస్తకాలు గుర్తుకు రావు.

ఎవరికి ఏది అన్న ప్రశ్న పాతకాలపు విద్యాగ్రంథాల్లో తరచు వస్తుంది. మద్రసాల్లో శతాబ్దాలుగా పిల్లలు చదివిన 'తఅలీముల్ ముతఅల్లిమ్'లో జర్నూజీ, విద్యార్థి తన గ్రహణశక్తికి దగ్గరగా ఉన్నదానితో మొదలుపెట్టాలని చెప్పారు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) ధర్మశాస్త్రం చదవబోగా ఇమామ్ ముహమ్మద్ బిన్ హసన్ ఆయన స్వభావం గమనించి హదీసు వైపు మళ్ళించారన్న కథ కూడా అందులో ఉంది. బుఖారీ పుట్టింది హిజ్రీ 194లో, ముహమ్మద్ బిన్ హసన్ మరణించింది 189లో గనుక ఇది జరిగే వీలు లేదు. కథ నిలవకపోయినా, పాఠకుణ్ణి చూసి పుస్తకం చెప్పాలన్న దాని ఉద్దేశం నిలుస్తుంది.

ఇమామ్ మాలిక్ (రహ్మలై) ఇంకా ముందుకు వెళ్ళారు. ఆయన 'మువత్తా'ను రాజ్యమంతటా అందరూ అనుసరించేలా శాసించాలని అబ్బాసీ ఖలీఫా తలపెట్టారు. కొన్ని ఉల్లేఖనాలు ఆ ఖలీఫా మన్సూర్ అంటాయి, మరికొన్ని హారూన్ రషీద్ అంటాయి. ఇమామ్ ఒప్పుకోలేదు. ప్రవక్త (సల్లం) సహచరులు వేర్వేరు దేశాలకు వెళ్ళారు, ప్రజలు వారి వద్ద నేర్చుకున్నది తమ వద్ద ఉంది, వారిని అలాగే విడిచిపెట్టండి అన్నారు. తన పుస్తకానికి తానే హద్దు గీసిన గ్రంథకర్త ఆయన.

తెలుగు చదివే ముస్లింల విషయంలో ఈ ప్రశ్నకు ఒక ప్రత్యేకమైన బరువు ఉంది. కోస్తా జిల్లాల్లోనూ, రాయలసీమలోనూ, తెలంగాణ పల్లెల్లోనూ ఉర్దూ లిపి చదవలేని ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నాయి. అటువంటి ఇంటి యువకుడు ఏం చదవాలని అడిగితే, ఇబ్నె కసీర్ తఫ్సీర్, ఇహ్యాఉల్ ఉలూమ్, సీరతున్నబీ అని పెద్దలు చెబుతారు. పేర్లు గొప్పవే, అబద్ధమూ కాదు. కాని అతడు ఆ పేర్లతో ఇంటికి పోయి ఏం చేస్తాడు? తన చేతికి అందని పుస్తకాల పేర్లు విన్నవాడు చదువే తనది కాదనుకుంటాడు. ఈ నష్టం ఎవరి లెక్కలోకీ రాదు, ఎందుకంటే అతడు రెండోసారి అడగడు.

కనుక తెలుగులో సలహా ఇచ్చేవారు గ్రంథం పేరుతోపాటు మరికొన్ని సంగతులు చెప్పవలసి ఉంటుంది. ఇది సంపూర్ణ గ్రంథమా, సంగ్రహమా? ఇబ్నె కసీర్ సంగ్రహాన్ని చదివినవాడు ఇబ్నె కసీర్‌ను చదివినట్లు చెప్పుకోవడం మామూలైపోయింది. అనువాదం అరబ్బీ నుండి నేరుగా వచ్చిందా, ఉర్దూ మీదుగానా, ఆంగ్లం మీదుగానా? చేతులు మారిన కొద్దీ మాట అరుగుతుంది. హదీసు పరంపరలో మధ్యనున్న వ్యక్తి పేరు దాచడాన్ని తద్లీస్ అని తప్పుపట్టిన సమాజం, అనువాదంలో మధ్యనున్న భాష పేరు దాస్తే ఏమీ అనదు.

తెలుగులో ఖుర్ఆన్ అనువాద చరిత్రే ఇందుకు మంచి ఉదాహరణ. 1925లో వెలువడిన తొలి అనువాదకర్త చిలుకూరి నారాయణరావు ముస్లిం కారు. అనంతపురం కళాశాలలో బోధించిన తెలుగు భాషా పండితుడు. ఆయన అనువాదాన్ని నేటి పాఠకుడికి మొదటి పుస్తకంగా ఇవ్వడం తగదు, ఆ తర్వాత ముస్లిం విద్వాంసుల అనువాదాలు అనేకం వచ్చాయి. అయితే తెలుగువారు ఖుర్ఆన్‌ను తమ లిపిలో మొదట చూసింది ఎవరి చలవ వల్ల అని అడిగినప్పుడు ఆ పేరు దాటవేసేవారు కనిపిస్తారు. వారికి దర్యాబాదీ జాబితా చూపించవచ్చు.