కడుపునొప్పి.. గ్యాసేనా?

* ఇన్సులిన్ వేసుకునే పిల్లల విషయంలో తేలిగ్గా తీసుకోవద్దు
* కడుపులో క్రిమికీ షుగర్ తేడాలకూ లింకుందా?

ధర్మపురి:

పొద్దున్నే సూది వేయించుకున్న పిల్లాడు ఎదురుగా ఉన్న రాగి సంగటి ముట్టడు. ''అమ్మా, కడుపులో మంటగా ఉంది. నాకొద్దు'' అంటాడు. ''సూది వేసేశా కదా నాయనా, రెండు ముద్దలైనా తిను'' అని తల్లి బతిమాలుతుంది. పదకొండు గంటలకు బడి నుంచి కబురు.. చెమటలు పట్టి, చేతులు వణుకుతున్నాయని. సాయంత్రం చూస్తే షుగర్ 300 దాటి ఉంటుంది. టైప్-1 మధుమేహం ఉన్న పిల్లల ఇళ్లలో ఇలాంటి రోజులు కొత్తేం కాదు. దీని వెనుక కడుపులోని ఓ క్రిమి ఉందా అని డాక్టర్లు ఏళ్ల తరబడి ఆరా తీస్తున్నారు.

ఏమిటీ క్రిమి?

పేరు హెలికోబ్యాక్టర్ పైలోరీ. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని నమ్మే రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని మరీ చూపించారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇది ఎక్కువగా చిన్నతనంలోనే ఇంట్లోవాళ్ల నుంచి, కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా అంటుకుంటుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా ఉంటుంది. వాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు.

షుగర్‌తో లింకేమిటి?

టైప్-1లో ఒంట్లో ఇన్సులిన్ తయారీ దాదాపు ఆగిపోతుంది. సూది, తిండి, ఆట.. మూడూ సరితూగాలి. కడుపు పొర వాచి ఆకలి చస్తే, సూది పనిచేసే వేళకు తిండి అందక షుగర్ పడిపోతుంది. ఆ భయంతో డోసు తగ్గిస్తే పైకి ఎగబాకుతుంది.

పరిశోధనలు మాత్రం ఒకే మాట చెప్పడం లేదు. క్రిమి ఉన్న పిల్లల్లో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎక్కువని కొన్ని, తేడా లేదని మరికొన్ని తేల్చాయి. క్రిమిని చంపితే షుగర్ తప్పక దారికొస్తుందనీ రుజువు కాలేదు.

ఇంకో మెలిక ఉంది. ఈ క్రిమి ఉన్న కొందరిలో ఐరన్ లోపించి రక్తం తగ్గుతుంది. ఐరన్ తగ్గితే హెచ్‌బీఏ1సీ అసలుకన్నా ఎక్కువగా కనిపించొచ్చు. అందుకే డోసు పెంచే ముందు రక్తహీనత ఉందేమో చూడమని డాక్టరును అడగాలి.

అసలు ముప్పు ఇదీ!

ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు పేరుకున్నా కడుపునొప్పి, వాంతులే వస్తాయి. ఇది ప్రాణాల మీదికి తెచ్చే స్థితి. షుగర్ 250 దాటి వాంతులు, విపరీతమైన దాహం, ఆయాసం, మగత ఉంటే గ్యాస్ మాత్ర, సోడా ఇచ్చి కూర్చోవద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేర్చాలి. ధర్మపురిలో 2008 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది.

తినలేదని సూది పూర్తిగా మానేయడం తప్పు. తిండి తగ్గిన రోజు ఎంత డోసు వేయాలో డాక్టరును ముందే అడిగి రాసి పెట్టుకోవాలి. షుగర్ 70 కన్నా తగ్గి, పిల్లాడు మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. ఈ సంగతులు బళ్లో టీచరుకూ చెప్పి ఉంచాలి.

పరీక్ష ఎప్పుడు?

కడుపునొప్పి వదలకపోతే, ఆకలి లేక బరువు తగ్గుతుంటే, ఐరన్ మందులకూ రక్తహీనత లొంగకపోతే డాక్టరును కలవాలి. పిల్లల్లో సాధారణంగా ఎండోస్కోపీతో తేల్చుకున్నాకే మందులు మొదలుపెడతారు. క్రిమి పోయిందో లేదో తర్వాత శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో చూస్తారు. పరీక్షకు ముందు నెలలో యాంటీబయాటిక్స్, రెండు వారాల్లో ఎసిడిటీ మాత్రలు వాడి ఉంటే చెప్పాలి. లేకుంటే క్రిమి ఉన్నా లేనట్టే రావచ్చు. మందులు మామూలుగా 14 రోజులు. మెట్రోనిడజోల్‌కు లొంగని క్రిములు మన దేశంలో ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి మింగడం, మధ్యలో ఆపేయడం రెండూ చేటే.

బిందె దగ్గరా జాగ్రత్త

ఫ్లోరైడ్ బెడద ఉన్న ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు 2013 నుంచి హొగెనకల్ పథకం నీళ్లు వస్తున్నాయి. కొళాయి నీళ్లు మంచివైనా బిందెలో చెయ్యి ముంచితే ఏం లాభం? మూత పెట్టాలి, కాడ ఉన్న గరిటెతోనే తీసుకోవాలి. వండే ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి.

పిల్లాడు సంగటి వద్దన్న రోజున ముందు షుగర్ మిషను తీయండి. గ్యాసా, క్రిమా అన్నది తర్వాత డాక్టరు తేలుస్తారు.